మోకాలి లోతు నీళ్లు

నా బంగారు తల్లికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ నాన్న, పిన్ని అందరం కులాసాయే. అక్కడ నువ్వు, అల్లుడుగారు, పాప బాగున్నారని తలుస్తాను. కంట్లో చుక్కలు వేసుకుంటున్నానా అని అడిగావు. మీ నాన్నే వేస్తున్నారు. సగం కంట్లో, సగం చెవిలో. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ.

బడి కట్టడానికి అనుమతి ఎందుకంత ఆలస్యమైందని అడిగావు. పిన్ని ఈమధ్య ఉత్తరాల్లో నా ఊసే ఎత్తడం లేదనీ, మా ఇద్దరికీ మాటా మాటా వచ్చిందా అనీ కూడా అడిగావు. మాటా మాటా రాలేదు. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. ఫోనులో నోరు పెగలక కాగితం పట్టుకున్నాను.

మన చేను పక్కనున్న బీడును పిన్ని బడికి ఇచ్చేస్తానన్న సంగతి నీకు తెలుసు. కాగితాల్లో సాగు భూమిగా ఉన్నచోట బడి కట్టాలంటే ముందు ఊరివాళ్లను పిలిచి అభ్యంతరాలు అడగాలట. దానికోసం ప్లానింగు ఆఫీసరు వచ్చాడు. ఇప్పుడు బడి నడుస్తున్న అద్దె గోదాములోనే సమావేశం. బల్ల మీద ప్లాను పరిచి, చుట్టుకుపోకుండా మూలల మీద టీ గ్లాసులు పెట్టారు. గదులు, వరండా, నీళ్ల ట్యాంకు, బండి తిరగడానికి స్థలం, అన్నీ గీశారు. పైన పెద్ద అక్షరాలతో పోయిన మీ బాబాయి పేరు.

పిన్నికి ముందు వరసలో కుర్చీ వేశారు. ఆఫీసరు లేచి మరీ నమస్కారం పెట్టాడు. కాపురానికి వచ్చిన కొత్తలో కూరలో ఉప్పెంత వెయ్యాలో కూడా నన్నడిగి వేసిన మనిషి. నేను గోడకానుకుని నిలబడ్డాను. నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. ఆపైన నేనన్న మాటకు ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే రాసేదాన్నమ్మా. లేదు.

"పక్క చేను మీదేనటగా? వానాకాలంలో ఆ నేల ఎలా ఉంటుందమ్మా?" అని ఆఫీసరు నన్నడిగాడు.

"మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయండి. పిల్లలు పడవేసుకుని రావాలి" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు, రాసుకున్నాడు. "నీళ్లు నిలిచే చోట పిల్లల బడికి అనుమతివ్వలేం. వేరే స్థలం చూసుకోండి" అన్నాడు. అంతదాకా వస్తుందనుకోలేదు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. ఈలోగా పిన్ని లేచింది.

"అక్క చెప్పిందంటే నిజమేనండి. ఆయన పోయాక నేనటు వెళ్లనే లేదు. తెలియక ఇస్తానన్నాను, ఏమీ అనుకోకండి" అని అందరికీ చేతులు జోడించింది.

ఇంటికి నడిచి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పకపోతే ఎంత పాపం జరిగేదక్కా" అంది. ఊఁ కొట్టాను.

వానలు మొదలయ్యాయి. గోదాము రేకులు కారుతుంటే పిల్లలందరినీ ఒక మూలకు చేర్చి పాఠం చెబుతున్నామని హెడ్మాస్టరు వాపోయాడు. ఓ పొద్దున కుండపోతగా కురుస్తుంటే గట్టు తెగిందేమో చూద్దామని చేనికి వెళ్లాను. బీడు మధ్యలో గొడుగేసుకుని పిన్ని నిలబడి ఉంది. పడ్డ నీళ్లు పడ్డట్టే వాలుగా కాలవలోకి జారిపోతున్నాయి. ఆమె చెప్పులు కూడా మునగలేదు.

"నీళ్లేవక్కా?" అంది.

"ఈ ఏడు వాన తక్కువలే" అన్నాను. నా మాట ఆమెకు వినబడాలంటే ఆ వాన హోరులో అరవాల్సి వచ్చింది.

పిన్ని నా మొహంలోకి చూసింది. గొడుగు వంచుకుని వెళ్లిపోయింది.

ఆఫీసరును మళ్లీ పిలిపించింది ఆమే. అతను వానలోనే వచ్చి నేలంతా తిరిగి చూసుకున్నాడు. మళ్లీ సమావేశం పెట్టి, "మోకాలి లోతన్నారేంటమ్మా మీరు?" అని అందరి ముందూ నన్ను నిలదీశాడు.

"పొరపాటు పడిందండి. మా దిగువ మడి సంగతి అడిగారనుకుంది" అంది పిన్ని, నావైపు చూడకుండా.

లేదు, కావాలనే అబద్ధమాడానని ఆ క్షణాన చెప్పి ఉంటే కాస్తయినా మనిషిననిపించుకునేదాన్ని. "అవునండి" అని కూర్చున్నాను.

అనుమతి వచ్చింది. మీ నాన్న అది నిజంగానే పొరపాటనుకుని, "మా ఆవిడకు ఏ చేను ఏదో తెలియడం లేదయ్యా" అని కనబడినవాళ్లకల్లా చెప్పి నవ్వుతున్నారు. ఆయనకూ చెప్పలేదు.

మొన్న పునాదులకు సున్నంతో ముగ్గు పోశారు. దారం కొసలు ఎవరైనా పట్టుకోమని మేస్త్రీ అంటే ఒక కొస పిన్ని పట్టుకుంది. రెండోది తెచ్చి నా చేతిలో పెట్టింది. "బిగించి పట్టుకో అక్కా" అంది. ఆ రెండో సమావేశం తర్వాత ఆమె నాతో అన్న మాట అదొక్కటే. గీత గీయడం అయ్యేదాకా నేను తలెత్తలేదు.

ఈ ఉత్తరం పోస్టులో వేసి, అటునుంచి అటే పిన్ని ఇంటికి వెళ్లి అంతా ఒప్పుకుందామనుకుంటున్నాను. వెళ్లానో లేదో పిన్నినే అడుగు తల్లీ. నన్నడిగితే వెళ్లాననే చెబుతాను.

ఇట్లు,
నీకు కూడా మొహం చూపించలేని
మీ అమ్మ