ఏడేళ్లు దాచిన జబ్బు

భివండి

బాపుకు, అవ్వకు మీ పెద్దబిడ్డ విజయ దండాలు. ఇక్కడ నేను, ఆయన, పిల్లలు బాగున్నాము. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ వానలు విడవడం లేదు. బాపూ, ఈ ఉత్తరం అవ్వకు మొత్తం చదివి వినిపించు. సిగ్గుపడి ఒక్క ముక్క కూడా వదలొద్దు.

నాకు ఆపరేషన్ అయి నెల దాటింది. భయపడకండి, క్యాన్సర్ కాదు. రెండో కాన్పు నుంచి దొడ్డికి కూర్చుంటే నా పేగు బయటికి జారేది. చేత్తో లోపలికి నెట్టుకునేదాన్ని. బాలింతగా మన ఇంట్లో ఉన్నప్పుడే అవ్వకు చెప్పాను.

"ఆడిదానివి, గసొంటియి నోటితోని చెప్పుకుంటరా? బట్ట కట్టుకొని ఊకో" అన్నది.

నువ్వు మగ్గం మీద ఉన్నావు బాపూ. చప్పుడు జరసేపు ఆగి, మళ్లీ మొదలైంది. నువ్వు విన్నావు.

ఏడేళ్లు బట్ట కట్టుకున్నాను. ఇక్కడ కార్ఖానాలో నిలబడి నూలు కండెలు చుడుతుంటే కూడా జారేది. పెళ్లిళ్లకు పోలేదు, బస్సు ఎక్కలేదు. రెండు నెలల కింద రక్తం పోయి పని దగ్గరే పడిపోయాను. అప్పుడు ఆయనకు తెలిసింది.

"గిన్నేండ్లు నాకెందుకు చెప్పలేదే?" అని ఏడ్చాడు. బొంబాయి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ అడిగింది: "ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పిన. కన్నతల్లికి, మా అవ్వకు చెప్పిన" అన్నాను.

కడుపు పెద్దగా కోయలేదు. గోరంత గాట్లు నాలుగు పెట్టి, కెమెరా ఉన్న సన్నని గొట్టం లోపలికి పంపి, టీవీలో చూసుకుంటూ పేగును పైకి లాగి వెనక ఎముకకు కుట్టారు. మర్నాడే లేపి నడిపించారు. ఆరో రోజు ఇంటికి వచ్చాను. ఇప్పుడు జారడం లేదు. బరువులు ఎత్తొద్దన్నారు, కారం తగ్గించమన్నారు. పచ్చడి పంపకండి.

గాట్లు మానాయి. కోపం మానలేదు. మందు ఉన్న జబ్బును నా ఖర్మ అనుకొని మోశాను.

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, చెల్లె సరోజ నాకు చాటుగా ఉత్తరం రాసింది. మొన్నటి కాన్పు తర్వాత దానికీ అదే మొదలైందట. అవ్వ దానికీ బట్టే ఇచ్చిందట! అవ్వా, ఇంకొక్కసారి దాన్ని ఊకో అన్నావంటే నేనే వచ్చి వాడకట్టు అందరి ముందర చెప్తాను, నా జబ్బూ దాని జబ్బూ.

మేనత్తకు దండాలు చెప్పండి. పిల్లలు మిమ్మల్ని యాది చేస్తున్నారు. బాపూ, నీ దీవెన ఉత్తరంలో రాసి పంపొద్దు. సరోజను, పసిపిల్లను వెంటబెట్టుకొని నువ్వే భివండి బస్సెక్కు, దాన్నీ డాక్టరమ్మకు చూపిద్దాం. ఆయన ఇక్కడ బస్టాండు దగ్గర ఎదురు చూస్తాడు.

మీ బిడ్డ,
విజయ