కాలు తగిలితే

జహ్రా,
శుక్రవారం.

అక్కకి,

నీ చెల్లెలు వేణి నమస్కరించి రాసే సంగతులు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వు, బావగారు, అత్తయ్యగారు, నా బంగారుతల్లి లాస్య అందరూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్ చేసినప్పుడల్లా లాస్య నీ ఒళ్ళోనే ఉంటుంది. ఇది దాని ముందు చెప్పలేను. పక్కింట్లో పనిచేసే రాజోలు కనకమ్మ పిన్ని సెలవు మీద వస్తోంది, ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం కుళాయి తిప్పితే కాగిన నీళ్ళే వస్తాయి. తిండికి లోటు లేదు, దిగులు పడకు. కోడీ అన్నమూ రోజూ ఉంటాయి గానీ, పులుపు తగలక నాలుక చచ్చిపోయింది. పిన్ని తిరిగొచ్చేటప్పుడు కాస్త మాగాయ కట్టి పంపు.

నేను చూసుకునే పిల్లాడు హమద్ ఉన్నాడు కదా, లాస్య ఈడువాడే. వాడికి నేను చెప్పింది ఒక్కటీ ఎక్కదు. పళ్ళు తోముకోమంటే పరుగో పరుగు. నేను చేసిందల్లా మాత్రం చేస్తాడు. నేను నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడితే వాడూ అలాగే నిలబడతాడు. ఆవలింత వస్తే నాలాగే నోటి దగ్గర చిటికె వేస్తాడు, ఆ చిటికె పలకదు పాపం. ఇంట్లో అందరూ చూసి నవ్వేవారు.

ఎవరికైనా కాలు తగిలితే చేత్తో తాకి కళ్ళకద్దుకుంటాం కదా మనం. అది నేనెప్పుడు చేస్తానో నాకే తెలియదు. చీపురు తగిలినా, వాడి పుస్తకం తగిలినా చెయ్యి దానంతటదే పోతుంది. ఒకరోజు చుట్టాలంతా కింద కూర్చుని భోంచేస్తున్నారు. హమద్ పరిగెడుతూ వాళ్ళ తాతకి కాలు తగిలించాడు. వెంటనే వంగి, ఆయన మోకాలు తాకి, రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. మామా, అంటే వాడి తల్లి, మొహం మాడిపోయింది. నన్ను వంటింట్లోకి పిలిచి, మా పిల్లాడికి మీ పూజలు నేర్పుతున్నావా అంది. నేనేమీ నేర్పలేదని, అది పూజ కాదని నాకొచ్చిన అరబ్బీలో చెప్పుకున్నాను. వినలేదు. ఇంకోసారి కనబడితే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం పొడిగించను, ఇంటికి పంపేస్తానంది. చాలా భయం వేసింది అక్కా. వచ్చే ఏడు లాస్యని బళ్ళో వెయ్యాలి కదా.

పిన్నికి చెబితే ఆవిడా నన్నే తిట్టింది.

"నీ చేతులు నీ దగ్గరెట్టుకోవే. మన అలవాట్లు ఈళ్ళ పిల్లోడికి అంటుకుంటే ఈళ్ళెందుకూరుకుంటారు?"

నిజమే అనిపించింది. అప్పటినుంచి కాలు దేనికైనా తగిలితే పిడికిలి బిగించుకునేదాన్ని. అలా చేసిన రోజంతా మనసు పీకుతూ ఉండేది.

పోయినవారం మామా వాళ్ళ అత్తగారు తివాచీ మీద కూర్చుని టీ తాగుతోంది. పళ్ళెం తీస్తుంటే నా కాలు ఆవిడ పాదానికి తగిలింది. మామా ఎదురుగానే ఉంది. నేను చెయ్యి కదపలేదు. హమద్ నా వంక చూశాడు, నేను మర్చిపోయాననుకున్నాడు కాబోలు. వచ్చి నాయనమ్మ పాదం తాకి, నా బదులు తన కళ్ళకద్దుకున్నాడు. ఇక ఖలాస్, పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను.

పెద్దావిడ ఇదేమిటని అడిగింది. కాలు తగిలినందుకు తప్పు కాయమనడం అని చెప్పాను. ఆవిడ కోడలి వైపు తిరిగి అంది.

"రొట్టె కిందపడితే ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించమని నాకెవరూ నేర్పలేదు. మా అమ్మని చూసి చేశాను. ఇప్పుడు ఈ వేణి కూడా చేస్తోంది. దానికి మనమేమైనా నేర్పామా?"

నేను రొట్టెని ముద్దుపెట్టుకుంటున్నానని నాకప్పుడే తెలిసింది. ఎప్పుడంటుకుందో!  మొన్ననే ఇఖామా పొడిగించారు. కాబట్టి కంగారు పడకు, నేను బాగానే ఉన్నాను.

ఇప్పుడు లాస్య సంగతి. పాలు మాన్పించి వచ్చేశాను, దానికి నేను నేర్పిందంటూ ఏమీ లేదు. దాని నడక నీది, అలక నీది, మూతి తిప్పడం కూడా అచ్చం నీదే. చూసి మురుస్తూనే లోపల కుళ్ళుకుంటాను. కోపగించుకోకు, కన్నదాన్ని కదా. మొన్న నువ్వు ఫోన్ చాప మీద పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళావు. అది గెంతుతూ వచ్చి ఫోన్ని తన్నింది. మీ ఫ్యాను కనబడింది, తర్వాత దాని అరచెయ్యి తెరంతా కప్పేసింది. చెయ్యి తీసేసరికి కళ్ళు మూసుకుని అద్దుకుంటోంది. నిన్ను చూసే నేర్చుకుని ఉంటుంది. నువ్వూ నేనూ అమ్మని చూసి నేర్చుకున్నాం.

అది ఫోనుకి మొక్కిందో, నాకు మొక్కిందో దాన్ని అడగకు. నాకే అనుకుంటాను. ఏం చెయ్యాలో తోచక, నేనూ ఇటునుంచి తెర మీద దాని మొహం తాకి కళ్ళకద్దుకున్నాను. నా పక్కన కూర్చున్న హమద్ కూడా తాకి అద్దుకున్నాడు.

అత్తయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు. నన్ను తలుచుకుని ఒక అక్షింత వెయ్యమని చెప్పు. లాస్యకి ముద్దులు, అవి మాత్రం నువ్వే నా బదులు పెట్టాలి.

నీ చెల్లెలు,
వేణి