వెనక సీటు

అక్కా,

నేను బాగానే ఉన్నాను, పేపర్లో చూసి కంగారుపడకు. మా జట్టు వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడిన మాట నిజమే కానీ, అందులో నాలుగు పాత కోచ్ ఉన్నప్పటివి. నావి రెండే. ఇంకొక్కటి పోతే జట్టు కింది లీగుకి, నేను ఇంటికి.

అసిస్టెంటుగా ఉన్న ఏడేళ్లూ టీమ్ బస్సులో వెనక సీటు నాది. ఆదివారం ఓడి తిరిగొస్తూ అలవాటు కొద్దీ అక్కడికే వెళ్లాను. మాటలు టక్కున ఆగిపోయాయి. "అన్నా" అంటూ నా డబ్బాలోది లాక్కుతినే గోల్‌కీపరు లేచి నిలబడి, "కూర్చోండి సార్" అన్నాడు. అందరూ నీళ్లు తాగారా అని అడిగి, ముందుకొచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఆయనకి ఫుట్‌బాల్ అంటే పడదట. అదొక్కటే నయం.

నా నీలం స్వెట్టర్ పంపు. బావ మోకాలు ఎలా ఉంది? వంటింటి కుళాయి బాగుచేయించారా, ఇంకా కింద బకెట్ పెడుతున్నారా? అమ్మకి దండాలు, పిల్లలకి ముద్దులు.

కార్డు నిండిపోతోంది, ఒక్క మాట. పోయినసారి ముచ్చటపడి "హెడ్ కోచ్ గారికి" అని మొదలుపెట్టావు. వద్దక్కా. ఎప్పటిలా "ఒరేయ్ మొద్దూ" అనే రాయి.

నీ మొద్దు