ఇక్కడికే అన్నవాళ్ళు

జూలై 7, సోమవారం

ఉయ్యూరులో ఎక్కితే బెజవాడను అడ్డంగా దాటి కొండపల్లిలో దించే బస్సు. మధ్యలో మారక్కర్లేదు. దానికోసం రోడ్డులో విడిగా ఒక వరస. బెజవాడకి మా కంపెనీ గీస్తున్న ఇరవై ఏళ్ళ రవాణా ప్లాన్‌లో, మ్యాపు మీద నాకు మనసుకు నచ్చిన గీత అదొక్కటే. ఇవాళ కంప్యూటర్ దాన్ని కొట్టేసింది. ఎక్కేవాళ్ళు లేరట! తూర్పున ఎక్కినవాళ్ళు తూర్పునే దిగిపోతున్నారట.

వంకాయ కూర మాడింది. తిన్నాను. ఒక్కదానికే వండుకోవడంలో సుఖం ఇదే... ఎవరూ మొహం ముడవరు.

జూలై 8

సర్వే కాగితాల కట్టలు తెప్పించి ముందేసుకున్నాను. ఉయ్యూరు స్టాపులో జనాన్ని ఆపి అడిగిన ప్రశ్న — ఎక్కడికి వెళ్తున్నారు? జవాబు — ఇక్కడికే. పేజీ తిప్పితే — ఇక్కడికే. ఇంకో పేజీ — ఇక్కడిదాకా. "ఇక్కడికే" అంటే ఉయ్యూరు చుట్టుపక్కలే అని కంప్యూటర్‌కి ఎక్కించారు. తప్పు లేదు. నేనైనా అలాగే ఎక్కించేదాన్ని.

కానీ ఇక్కడికే వెళ్ళేవాళ్ళు బెజవాడ బస్సు కోసం ఎందుకు నిలబడతారు?

జూలై 10, గురువారం

పొద్దున్నే ఉయ్యూరు. వాన తుంపర. స్టాపులో యాభై ఏళ్ళావిడ, చేతిలో వైరు బుట్ట, బస్సు రావడం చూసి లేచింది. కాగితం తీసి అడిగాను. ఎక్కడికి వెళ్తున్నారండీ?

మొహం గంటు పెట్టుకుంది. "ఇక్కడికేనండీ" అని వెనక్కి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. సీసా తీసి రెండు గుక్కలు తాగింది. ఆ తర్వాతే లేచి పరుగున బస్సెక్కింది. దాహం కాబోలు అనుకున్నాను. తెలివితేటలు!

అదే బస్సులో నేనూ. బెజవాడ బస్టాండులో దిగి చూస్తే ఆవిడ కొండపల్లి బస్సు కోసం పరిగెడుతోంది. నేనూ వెంటపడి ఎక్కాను. పక్కన కూలబడి, ఇక్కడికే అన్నారు కదండీ అన్నాను.

"మరేం అనమంటారు? గడప దాటి బయల్దేరాక ఎదురొచ్చి ఎక్కడికి అని అడిగితే పని చెడదూ? అందుకే కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరా."

మరెలా అడగాలి?

"ఎందాకా అనాలండీ. చిన్నపిల్లలకి కూడా తెలుసు గదా."

పేరు రత్నమ్మ. కొండపల్లిలో ఒక హాస్టల్లో వంట. రోజూ పోవడానికి రెండు బస్సులు, రావడానికి రెండు. ఒకటి తప్పితే పప్పు ఆలస్యం, పప్పు ఆలస్యమైతే వార్డెన్ గారి మాటలు. కంప్యూటర్ కొట్టేసిన గీత నా పక్కనే కూర్చుని టిఫిన్ బాక్సు మూత సర్దుకుంటోంది.

జూలై 11

ఇంగ్లీషులో వచ్చిన ప్రశ్నల్ని తెలుగు చేసింది నేనే. ఆ "ఎక్కడికి" నాదే. ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు.

మా నాన్న పాస్టరు. మా ఇంట్లో తుమ్ములూ శకునాలూ లేవు. ఎవరు చెప్పులేసుకున్నా ఎక్కడికి, ఎప్పుడొస్తావు, ఎవరితో అని వాకిట్లోనే నిలదీసేవాళ్ళం. పక్కింటివాళ్ళు మా ముందు నుంచి వెళ్ళకుండా సందు తిరిగి వెళ్ళేవాళ్ళు. పాస్టరు గారంటే మర్యాద అనుకునేదాన్ని. నలభై ఏడేళ్ళొచ్చాక అర్థమైంది.

జూలై 12, శనివారం

సెలవు. ఏం తోచక ఇళ్ళలో అడిగే సర్వే కాగితం నా మీదే నింపాను. కుటుంబ సభ్యులు — ఒకరు. నిన్న చేసిన ప్రయాణాలు — రెండు. ఆఫీసుకి, ఇంటికి. ఎవరితో కలిసి — ఒంటరిగా. ఒంటరిగా. నిమిషం కూడా పట్టలేదు. ఒక మనిషి గురించి అడగడానికి ఇంకేమైనా ఉండాలి కదా అనిపించింది. చించేశాను.

జూలై 14, సోమవారం

హైదరాబాదు నుంచి డైరెక్టర్ మధు గారు వీడియోలో. మొత్తం చెప్పాను. మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు.

"సువార్త గారూ, నెలాఖరుకి ప్రభుత్వానికి ప్లాన్ ఇచ్చెయ్యాలండీ. శకునాలు బాగోలేవని ఆపమంటారా?"

మళ్ళీ అడగాలి, మూడు వారాలు చాలు అన్నాను.

"అంత ఇదిగా ఉంటే ఏదో ఒక అంకె వేసి ఎక్కేవాళ్ళని పెంచెయ్యండి. ఎవరు చూస్తారు."

అంటే నాకు నచ్చిన గీతని నేనే బతికించుకోవచ్చు. ఎవరికీ తెలియదు. ఆ అంకె వేస్తే రత్నమ్మకి బస్సు. వేస్తే ఇక నా లెక్క ఏదీ నేనే నమ్మను.

జూలై 15

అంకె వెయ్యలేదు.

జూలై 16, 17

రెండు పొద్దులూ ఉయ్యూరు స్టాపులోనే. ఒక్కదాన్నే, గొడుగు, అట్ట, పెన్ను. ఎందాకా అండీ?

ఇబ్రహీంపట్నం. గొల్లపూడి — "మా చెల్లెలికి కాన్పండీ." కొండపల్లి — "బొమ్మలకి రంగులేస్తానమ్మా, నలభై ఏళ్ళ నుంచి." అడగనివి కూడా చెప్పారు. అల్లుడి ఉద్యోగం, మోకాలి నొప్పి. ఒక ముస్లిం పెద్దాయన, గొల్లపూడిలో దుకాణమట, "మీరెందాకమ్మా?" అని ఎదురడిగారు. ఇక్కడికేనండీ అన్నాను. నిజంగానే ఇక్కడికే.

రాసుకోవడానికి కాగితాలు చాలక ఖాళీ వైపు కూడా నింపాను. ఇంతమందిని మా ప్లాన్ లేరనేసింది.

తిన్నగా కొండపల్లి పోయే బస్సు సంగతి చెబితే, అదెప్పుడొస్తుందని రత్నమ్మ అడిగింది. ప్లాన్ ఇరవై ఏళ్ళదండీ, అందులో ఎక్కితే ఎప్పటికో వస్తుంది, ఎక్కకపోతే రానే రాదు అన్నాను.

"ఎక్కించండి మేడమ్. నాకు కాకపోతే మా కోడలికి. అదీ వంటలోకే వస్తానంటోంది."

జూలై 18, శుక్రవారం

ఒక పేజీ రాశాను. ప్రశ్న తప్పు, ఆ తప్పు నాది, ఈ రెండు రోజుల కాగితాలు చాలవు కానీ గీత కొట్టెయ్యడానికి వీల్లేదని చూపించడానికి చాలు, మళ్ళీ సర్వే చెయ్యండి. కింద నా పేరు. ఆ పేజీ ప్లాన్‌లో కలపమని పంపాను.

సాయంత్రం మధు గారి ఫోన్. గొంతు పెంచలేదు. "తప్పు మాదేనని మనమే రాసి ఇస్తే ఇంకెవరైనా పని ఇస్తారా మనకి? తర్వాతి ఊరి ప్లాన్ మీకు ఎలా అప్పగించమంటారు, మీరే చెప్పండి."

చూడండి సార్ అన్నాను.

జూలై 20, ఆదివారం

చర్చి. ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర అందరూ కుటుంబాలుగా విడిపోతారు. ఆ రెండు నిమిషాలు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అక్క ఏలూరు నుంచి ఫోన్ చేసింది. పేజీ సంగతి చెప్పబోయాను. "కుక్కరు కూసిందే, మళ్ళీ చేస్తా." చెయ్యలేదు.

జూలై 22

ప్లాన్ మీటింగు పిలుపులో నా పేరు లేదు. పొరపాటేమో అని మూడుసార్లు చదివాను. భోజనాల దగ్గర ఎప్పుడూ పచ్చడి పంచుకునే లలిత ఇవాళ ముందే తినేసింది.

బాధగా ఉంది. బాధగా ఉందని రాసుకోవడానికి ఈ పేజీ తప్ప ఇంకోటి లేదు.

జూలై 24

పేజీ ఉందా తీసేశారా అని అడుగుతూ మెసేజ్ పెట్టాను. మధు గారు చూశారు. జవాబు లేదు.

జూలై 25, శుక్రవారం

సెలవు పెట్టాను. పొద్దున్నే లేచి బెజవాడ పటమటలో మా ఇంటి నుంచి ఉయ్యూరు పోయాను. పనేం లేదు. అట్టా పెన్నూ కూడా తీసుకెళ్ళలేదు. బస్సులో రత్నమ్మ తన పక్కన నాకు సీటు ఆపింది. "రాత్రంతా కోడలికి జొరం మేడమ్, కన్ను మూత పడలేదు" అంది. కంకిపాడు దాటేసరికి తల నా భుజం మీదికి వచ్చేసింది.

కదలలేదు. కొబ్బరినూనె వాసన. నా మీద ఇంకో మనిషి బరువు పడి ఎన్నేళ్ళయిందో లెక్కపెడదామనుకుని మానేశాను. పోరంకిలో నా చెయ్యి తిమ్మిరెక్కింది. కానూరులో ఫోన్ మోగితే తియ్యలేదు... ఆఫీసుదే. బెంజి సర్కిల్లో బస్సు చాలాసేపు ఆగింది. జీవితంలో మొదటిసారి ట్రాఫిక్ ఆగితే బాగుందనిపించింది. ప్లానర్‌ని, సిగ్గుండాలి!

బస్టాండు వచ్చేసింది. కండక్టరు అందరూ దిగండి అంటున్నాడు. ఆ గీతే ఉంటే ఇక్కడ లేపే పని లేదు. కొండపల్లి దాకా పడుకోనిచ్చేదాన్ని.

లేపాను. ఉలిక్కిపడి బుట్ట అందుకుని పరిగెత్తింది. కొండపల్లి బస్సు మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది. "ఎక్కించారా మేడమ్?"

రాశానండీ అన్నాను. వినపడిందో లేదో. బస్సు కదిలింది.

సోమవారం ప్లాన్ ఇచ్చేస్తున్నారు, నా పేజీతోనో, లేకుండానో.