బావ సివిల్‌లో పడ్డాడు

పోలేపల్లి (దుర్గి దగ్గర),
4-6-1984.

నరసరావుపేటలో ప్లీడరు గుమాస్తాగా పదిమందికీ కాయితాలు రాసిపెట్టే మా అన్నయ్య ఆదెయ్యకి, చెల్లెలు రామాయమ్మ దణ్ణం పెట్టి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. క్షేమమనే అనుకుంటున్నా, ఉత్తరమంతా చదివి నువ్వే చెప్పు.

మీ బావ మిలిటరీ నుంచి వచ్చేశాడు. సెలవు మీద కాదు, మొత్తానికే. డిశ్చార్జి అయిందంట. ట్రంకు పెట్టె అరుగు మీద దించుతూ, "ఇక నేను సివిల్‌లోకి వచ్చేశాను రామాయీ" అన్నాడు. సంతోషంగా అన్నాడో దిగులుగా అన్నాడో నాకు తెలియలా. పెళ్ళయి పదహారేళ్ళయినా ఆయన ఇంట్లో ఉన్న రోజులన్నీ కూడితే మూడేళ్ళు రావు. ఉత్తరాల్లో మనిషి నాకు బాగా తెలుసు. ఇంట్లో మనిషే కొత్త.

తెల్లారి అయిదింటికి విజిల్ ఊదుతాడు. పిల్లలిద్దరూ దుప్పట్లు మూలకి మూల కలిసేట్టు మడిచి, ఆయనకి చూపించాకే పళ్ళు తోముకోవాలి. విజిల్ వినపడితే గేదె కూడా లేచి నిలబడుతోంది. అన్నం తిన్న కంచం తనే కడుక్కుంటాడు. మగాడు కంచం కడగడం చూద్దామని పక్కింటి పోలమ్మత్త రోజూ సరిగ్గా ఆ వేళకే మజ్జిగ అడిగే వంకతో వస్తోంది. వాకిట్లో రాళ్ళన్నీ వరసగా పేర్చి సున్నం కొట్టాడు. అవి అయిపోయాయని ఇప్పుడు పడమటి చేని గట్టుకెళ్ళి హద్దురాళ్ళకి కొడుతున్నాడు. ఎందుకయ్యా అంటే, "రాయన్నాక కనపడాలి" అంటాడు.

మధ్యాహ్నం పూట ఊరికే కూర్చుంటాడు. కదిలిస్తే, "అన్నేళ్ళు సరిహద్దులో ఉన్నా, ఆ సరిహద్దు బుర్రలోంచి పోవడంలా. ఈ సివిల్‌లో నాకు దారీ తెన్నూ కనపడటంలా" అంటాడు. ఇందులో నిలబడతాడా, విసిగి మళ్ళీ పోతాడా అనేదే నా బెంగ. నాకు ఆయన ఇంట్లో ఉండాలని ఉంది అన్నయ్యా. నువ్వు పట్నంలో పదిమందిని చూస్తుంటావు. సివిల్‌లో పడ్డవాళ్ళు ఎట్టా కుదుటపడతారు? ఎన్నాళ్ళు పడుతుంది?

ఇట్లు, జవాబు కోసం పోస్టు బంట్రోతు సైకిలు గంట వినే
నీ చెల్లెలు రామాయమ్మ.

తా.క.: గేదె పూటకి అరసోలెడు పాలు ఎక్కువిస్తోంది. విజిల్ వల్లనా, భయం వల్లనా?


నరసరావుపేట,
9-6-1984.

చి.ల.సౌ. రామాయికి అన్నయ్య ఆదెయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం కోర్టు వరండాలో నిలబడే చదివాను. సర్కారు ఉద్యోగమన్నాక యాభై ఎనిమిదేళ్ళ దాకా ఉండాలి. ముప్పై ఏడేళ్ళకే పెట్టె సర్దుకుని వచ్చాడంటేనే నాకు అర్థమైంది, ఏదో కేసని. దాచకుండా రాశావు, మంచి పని చేశావు. డిశ్చార్జి అయ్యాడు కనక క్రిమినల్ గండం గడిచింది. కోటప్పకొండ స్వామికి ఒక కొబ్బరికాయ మొక్కుకో. ఇక మిగిలింది సివిల్.

అమ్మాయ్, ఎన్నాళ్ళు పడుతుందని అడిగావు. ఇరవై రెండేళ్ళుగా ఈ వరండాలో ఉన్నవాణ్ణి చెబుతున్నాను. సివిల్‌లోకి దిగినవాడు ఒక్క జన్మలో బయటికి రాడు. ఇక్కడ తాత వేసిన దావాకి మనవడు వాయిదాలు తిరుగుతున్నాడు. వాడికి మీసాలు ఈ వరండాలోనే మొలిచాయి. అందులోనూ మీది సరిహద్దు తగాదా అంటున్నావు. మన పల్నాడు వాళ్ళు మాటైనా పడతారుగానీ గట్టు జానెడు జరిగితే పడరు.

కనక నేనడిగిన సంగతులు బావని అడిగి జాగ్రత్తగా రాయి. సరిహద్దుకి అవతల ఉన్నది ఎవరు? పొసెషన్ ఎవరిది? మన వైపు మనుషులెవరన్నా ఉన్నారా, ఉంటే ఇప్పుడు పలుకుతారా? నేనడగమన్నానని మాత్రం చెప్పకు. మగవాడికి నామోషీ.

ఇట్లు, నీ వెనక కొండలా నిలబడ్డ
అన్నయ్య ఆదెయ్య.

తా.క.: హద్దురాళ్ళకి సున్నం మాత్రం ఆపొద్దని చెప్పు. పెద్ద పెద్ద ప్లీడర్లకి కూడా తట్టని ఎత్తు అది.


పోలేపల్లి,
15-6-1984.

అన్నయ్యకి రామాయమ్మ నమస్కారాలు. నీ ఉత్తరం చదివి సగం అర్థం చేసుకున్నా. క్రిమినల్ అంటే ఏందో నాకు తెలియకపోయినా కొబ్బరికాయ మొక్కుకున్నా.

నువ్వడిగినవన్నీ నాకూ తెలుసుకోవాలనే ఉంది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలా. సెలవుకొచ్చిన మనిషిని ఏం అడుగుతాం, కడుపునిండా పెట్టి పంపించడమేగా? మొన్న అన్నం తింటుండగా ఒక్కొక్కటే అడిగా. సరిహద్దుకి అవతల ఎవరంటే, చైనా వాళ్ళన్నాడు. చానామందంట. ఎప్పుడూ మన వైపే చూస్తుంటారంట, పలకరించరంట. పొజిషన్ సంగతేందంటే, కంచం పక్కకి నెట్టి, నట్టింట్లో బోర్లా పడుకుని, మోచేతులు నేలకానించి, అప్పడాల కర్ర గురిపెట్టి చూపించాడు. అప్పుడే పోలమ్మత్త మజ్జిక్కి వచ్చింది. చెంబు అక్కడే పారేసి పోయింది.

మన వైపు మనుషులెవరన్నా ఉన్నారా అని అడిగా. ఇద్దరు ప్రాణస్నేహితులంట. ఒకే వారంలో ఇద్దరూ మంచులో పోయారంట. ఆ మాట చెప్పి చెయ్యి కడుక్కుని చేనికెళ్ళిపోయాడు. నాకు ఏడుపాగలా అన్నయ్యా. ఏ ఉత్తరంలోనూ రాయలా ఆ సంగతి. "ఇక్కడ చలిగా ఉంది, నేను కులాసా" అని రాసేవాడు, అంతే.

ఇంకో మాట. నిన్న సర్కారు నుంచి మళ్ళీ రమ్మని ఆయనకి పిలుపు కాయితం వచ్చింది. వచ్చే నెల పదిహేనో తారీకు లోపల ఏ సంగతీ తేల్చాలంట. పోతే ఇంకో పదేళ్ళు నాకు సెలవుల మొగుడే. కాయితం ట్రంకు పెట్టెలో పెట్టాడు. ఆయనా మాట్లాడడు, నేనూ మాట్లాడను. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి. నువ్వెట్టా చెబితే అట్టా చేస్తా.

ఇట్లు, నీ చెల్లెలు
రామాయమ్మ.

తా.క.: రోజూ సాయంత్రం తాడూ, టేపూ పట్టుకుని పడమటి చేనికెళ్తున్నాడు. ఏం చేస్తున్నాడో చూద్దామని జొన్న చేలో దాక్కుని చూశా. గట్టు పొడుగూతా నడిచి, ఆగి, తల గోక్కుని, మళ్ళీ నడుస్తున్నాడు. దోమలు కుట్టి నేను వచ్చేశా.


నరసరావుపేట,
20-6-1984.

చి.ల.సౌ. రామాయికి ఆశీస్సులు.

అంతా విశదమైంది. నీ చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది కనక, నువ్వు చైనా అని రాసినచోట చెన్నా అని దిద్దుకుని చదివాను. మీ పడమటి చేను పక్కన చెన్నా పుల్లయ్య! నేను మీ ఊరొచ్చినప్పుడల్లా గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంటాడు, పలకరించి చావడు. అచ్చం అతనే. బావ బోర్లా పడుకుని భూమిని కావిలించుకున్నాడన్నావు. పొసెషనంటే, స్వాధీనమంటే అదే, భేష్. సాక్షులిద్దరూ మంచంలో పోయారు కాబట్టి సహజ మరణమే, మన మీదికేం రాదు.

మా ప్లీడరు గారితో మాట్లాడి బావ పేరున పుల్లయ్యకి రిజిస్టరు నోటీసు పంపించాను. రాసింది నేనే. పదిహేను రోజుల్లో గట్టు సంగతి తేల్చకపోతే కోర్టుకీడుస్తామని రాశాను.

ఇక పిలుపు కాయితం. పిచ్చిదానా, దాన్ని సమన్లంటారు! గడువులోగా హాజరు కాకపోతే మనల్ని ఎక్స్‌పార్టీ చేసి పారేస్తారు. సెలవుల మాట ఎత్తావు, వేసవి సెలవులు అయిపోయి కోర్టులు తెరిచారు. ఎట్టి పరిస్థితుల్లోనూ బావని పంపించు. ఏడ్చి కాళ్ళకి అడ్డం పడే సమయం కాదు. బట్టలుతికిచ్చి, దగ్గరుండి బస్సెక్కించు.

ఇట్లు, మీ మేలు కోరే
ఆదెయ్య.

తా.క.: నోటీసు ఇంగ్లీషులో ఇచ్చాను. తెలుగులో అయితే చదివి అర్థం చేసుకుంటారు, భయపడరు.


పోలేపల్లి,
26-6-1984.

ఆదెయ్య గారికి,

క్షేమ సమాచారాలు రాయను. నీకవి అక్కర్లేదు. సొంత చెల్లెలు మొగుడితో కాపురం చెయ్యడం చూసి ఓర్వలేకపోయావు. పంపించు, బస్సెక్కించు అని రాయడానికి చెయ్యెట్టా వచ్చింది నీకు?

నీ మాట జవదాటను కనక ట్రంకు పెట్టె తుడిచా. బట్టలుతికి ఆరేశా. ఆయన చూసి ఒక్కటే అడిగాడు, "నువ్వే పొమ్మంటున్నావా?" అని. మా అన్నయ్య పంపమన్నాడని చెప్పా. "ఠీక్ హై" అన్నాడు. ఆ పూట విజిల్ ఊదలా. గేదె కూడా లేవలా.

రామాయమ్మ.

తా.క.: ఆ ఎక్స్‌పార్టీ ఏందో నాకు తెలియదుగానీ, అది నీకే తగలాలని కోరుకుంటున్నా.


నరసరావుపేట,
1-7-1984.

అమ్మాయ్ రామాయీ,

నీకేమైంది? నేను రాసిందేమిటి, నువ్వు తిట్టిందేమిటి? పొద్దున గురజాల కోర్టుకెళ్ళి సాయంత్రం బస్సుకి ఇంటికొచ్చే మనిషికి ట్రంకు పెట్టె ఎందుకు? చేతిసంచీ చాలదా? ఒక్కపూట వాయిదాకి ఇంత శోకమైతే, ఇక్కడ ముప్పై ఏళ్ళుగా తిరిగేవాళ్ళ భార్యలు ఏమైపోవాలి? బావ ఏ కోర్టుకి వెళుతున్నాడో, ఏ నంబరు కేసో వెంటనే రాయి. నాకు అన్నం సయించడం లేదు.

ఇట్లు, ఏ పాపం ఎరగని
అన్నయ్య ఆదెయ్య.

తా.క.: పుల్లయ్య నోటీసు అందుకున్నట్టు రసీదు వచ్చింది. వేలిముద్ర వేశాడు. వణికినట్టుంది, రెండు ముద్రలు పడ్డాయి.


పోలేపల్లి,
14-7-1984.

మా బంగారు అన్నయ్యకి రామాయమ్మ వెయ్యి దణ్ణాలు. మొన్న తిట్టినవన్నీ వెనక్కి తీసుకున్నా. సావకాశంగా కూర్చుని చదువు, నిలబడి చదవొద్దు.

పుల్లయ్య మామ వణకలా, సంబరపడ్డాడు. చేలో మోటారుకి కరెంటు కోసం రెండేళ్ళ కిందట అర్జీ పెట్టుకున్నాడంట. ఇంగ్లీషు కాయితం రాగానే అది మంజూరైందనుకున్నాడు. మా ఊళ్ళో ఇంగ్లీషు చదవగలిగేది ఎవరు? మిలిటరీ మనిషే గదా. సరాసరి మా అరుగు మీదికొచ్చి, "ఒరేయ్ యల్లమందా, కాస్త చదివి పెట్టరా" అన్నాడు. ఆయన గట్టిగా చదువుకుంటూ పోయి, పోయి, తన పేరు దగ్గర టక్కున ఆగిపోయాడు.

"ఆగావేందిరా, ఎన్ని హార్సుపవరు మోటారు ఇచ్చారు?" అన్నాడు పుల్లయ్య మామ.

"మామా, ఇది నేను నీ మీద పెట్టిన కేసు" అన్నాడు మీ బావ.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పుల్లయ్య మామ, "నాతో చెప్పకుండా ఎందుకు పెట్టావురా?" అన్నాడు. "నాతో కూడా చెప్పలా మామా" అన్నాడు ఈయన. ఇక నేను దాచలేక, బియ్యం డబ్బాలోంచి నీ ఉత్తరాలు తీసి ముందు పెట్టా. డిశ్చార్జి, సివిల్, సరిహద్దు, చెన్నా, మంచం, పిలుపు, ఒక్కోటీ వేలు పెట్టి చదివాడు. చదివి నవ్వాడన్నయ్యా! వచ్చిన దగ్గర్నుంచీ అదే మొదటి నవ్వు. కళ్ళనీళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. పోలమ్మత్త ఆ రోజు మజ్జిగ అడగడానికి రెండు చెంబులు తెచ్చుకుంది.

ఆయనకి కేసేం లేదు. మిలిటరీలో పదిహేడేళ్ళకే పంపించేస్తారంట. ఆ పిలుపు ఎక్కడో సామాన్ల డిపోకి కాపలా ఉండమని, మళ్ళీ చేరమని. పోదామనే అనుకున్నాడంట. ఎందుకయ్యా అంటే, "అక్కడైతే నా పనేందో నాకు తెలుసు. ఇక్కడ నన్నెవరూ ఏదీ అడగరు. ఆ రోజు అన్నం దగ్గర నువ్వడిగావు చూడు, అప్పుడు ఉండిపోవాలనిపించింది. మళ్ళీ నువ్వే పెట్టె తుడిచావు" అన్నాడు. నేను ఏడిచా. ఆ అడగడం నీ పుణ్యమే అన్నయ్యా, తప్పు ప్రశ్నలైనా.

అసలు సంగతి విను. పుల్లయ్య మామ వెళ్ళబోతూ, "కేసు పెడితే నేనే పెట్టాలిరా, గట్టు నావైపు జరిగింది" అని గొణిగాడు. మీ బావకి సున్నం కొట్టేటప్పుడే ఆ అనుమానమొచ్చి, రోజూ కొలుస్తున్నాడంట. మిలిటరీలో ఆయన పని కొండల మీద రోడ్డుకి కొలతలు తీయడం. టేపుకి రెండో కొస పట్టుకునే మనిషి లేక తేల్చలేకపోయాడు. ఆ కొస పుల్లయ్య మామ పట్టుకున్నాడు. రెండు మూరలు మనవైపే కలిసిందని తేలింది. చనిపోయిన మా మామగారు ఏటా ఒక్క చాలు చొప్పున దున్నుకుంటూ పోయాడన్నమాట. మీ బావ పార పట్టుకుని తనే గట్టు వెనక్కి జరిపి, రాళ్ళు పాతి, సున్నం కొట్టాడు.

తెల్లారేసరికి మా వాకిట్లో పదకొండు మంది. "మా గట్టు కూడా కొలిచి పెట్టు యల్లమందా" అని. తొమ్మిదేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు బక్కయ్య, పిచ్చియ్య కూడా వచ్చారు. చెరోవైపు తిరిగి నిలబడితే, మీ బావ విజిల్ ఊది టేపు చెరో కొసా పట్టించాడు. టేపు బిగుతుగా ఉండాలంటే మాట్లాడుకోక తప్పదు గదా. ఇప్పుడు ఆయనకి మధ్యాహ్నం కూర్చునే తీరికలేదు. మా ఊరి నుంచి మీ ప్లీడరు గారికి ఇక దావాలు రావేమో, ముందే చెబుతున్నా.

డిపో వాళ్ళకి నిన్న జవాబు రాశాడు. ఏం రాశావయ్యా అంటే చెప్పడు, మీ అన్నయ్యకే చెబుతా అంటాడు. పక్కన కూర్చున్నాడు, కలం ఇస్తున్నా.

ఇట్లు, నీ చెల్లెలు
రామాయమ్మ.

తా.క.: ట్రంకు పెట్టెలో కోడిని పొదగేశా. ఇరవై ఒక్క రోజులు దాన్ని ఎవరూ కదిలించడానికి వీల్లేదు.

మళ్ళీ తా.క.: బావా, నమస్తే. నేను యల్లమందని. డిపో వాళ్ళకి రాసిన జవాబు నకలు ఇది, నీ రికార్డులో పెట్టుకో: "అయ్యా, నేను సివిల్‌లో చిక్కుకున్నాను. ఇందులోకి దిగినవాడు ఒక్క జన్మలో బయటికి రాడని నరసరావుపేట కోర్టు వరండాలో ఇరవై రెండేళ్ళుగా ఉన్న పెద్దమనిషి రాతపూర్వకంగా తెలిపాడు. కనక రాలేను."