నాలుగు తర్వాతి గంటలు

నాంపల్లి, 1938

వామన్‌రావు బావగారికి నమస్కారాలు.

మీ చెల్లెలు పోయిన రోజు సంగతి అడిగారు. ఆ రోజు మనసాగక, ఏడేళ్లలో మొదటిసారి నాలుగు గంటలకే ఆబిడ్స్ ఆఫీసు వదిలి దవాఖానకు నడిచాను. అనసూయ మేలుకొనే ఉంది. నన్ను చూసి, “ఇంత పొద్దుండంగ వచ్చిన్రు, కొలువు గిట్ల ఊడిందా ఏంది?” అంది. ఇద్దరం నవ్వాం. దీపాలు పెట్టే వేళకు పోయింది.

మీరు పట్టుబట్టి సికింద్రాబాదులో ఇప్పించిన హెడ్ క్లర్కు పని నాకు వద్దు. అక్కడ ఇల్లు చేరే వేళంటూ ఉండదు. అది ఇంగ్లీషువాళ్ల కంటోన్మెంటు గనుక సెలవు ఆదివారం, ఇక్కడ నిజాం సర్కారులో మా శశికళ బడికేమో శుక్రవారం. పిల్లను పగటిపూట చూసే రోజే ఉండదు.

పనిలో పడితే దుఃఖం మరుపున పడుతుందని రాశారు. నిజమే. ఏడేళ్లు పనిలో పడి, అనసూయ ఉండగానే ఆమెను మరిచాను.

ఇప్పుడు రోజూ నాలుగింటికే వస్తున్నాను. ఇంట్లో కూర్చోలేను. శశికళ చేయి పట్టుకుని స్టేషన్ దాకా వెళ్తాను, వస్తాను, మళ్లీ వెళ్తాను. “నాయనా, మనం ఎవరి కోసం చూస్తున్నం?” అంటుంది. పిల్లను ఇంకోసారి స్టేషన్ వైపే తిప్పుతాను. అయినా ఈ గంటలు ఎవరికీ ఇవ్వను.

మీ మాట పోతుందని తెలుసు. క్షమించండి. రేపు పొద్దున నేనే సికింద్రాబాదు వెళ్లి ఆ కొలువు ఉత్తర్వు తిరిగి ఇచ్చేస్తాను.