తలుపు గట్టిగా వేయలేని వీధి

గ్రిమ్స్‌బీ,
ఆదివారం, 15 సెప్టెంబరు 1996.

పూజ్యురాలైన మోరీన్ అత్తకి, మేనకోడలు లీయాన్ దండాలు పెట్టి రాసేది.

ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. నాన్న నోరు విప్పడు కాబట్టి ఆయన క్షేమం కూడా నేనే రాస్తున్నాను. అమ్మ పోయాక మా ఇంట్లో మాటలన్నీ నా వాటాకే వచ్చాయి, నీకు తెలియనిదేముంది.

లండన్ నాటకాల స్కూల్లో సీటొచ్చింది కదా, వెళ్తున్నావా లేదా అని అడిగావు. రేపే చేరాలి. నాన్నని అడిగితే నీ ఇష్టం అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. వెళ్ళమంటే వెళ్తాను, వద్దంటే పోట్లాడైనా వెళ్తాను. ఈ నీ ఇష్టంతో నేనేం చేసుకోను?

ముందు సినిమా సంగతి విను. లండన్ నుంచి జూలియన్ అనే దర్శకుడు మా వీధికి దిగాడు. ఉత్తరాది పిల్ల ఒకతె ఊరినీ తండ్రినీ తిట్టి లండన్ వెళ్ళిపోయి గొప్పదవుతుందట, అదీ కథ. మాది ఉత్తరమా తూర్పా అని మాలో మాకే తగువు, ఆయనకి మాత్రం ఏ సందేహమూ లేదు. నా ముఖంలో ఊరు కనిపిస్తోందని నన్నే హీరోయిన్ని చేశాడు. అది మెచ్చుకోలో కాదో ఇప్పటికీ తెలీదు. ఎండ కాస్తుంటే ట్యాంకరుతో వాన కురిపించాడు. గుమ్మాలు మరీ శుభ్రంగా ఉన్నాయని మసి పూయించాడు. పక్కింటి నోరా ఆంటీ తెల్లారేసరికి తన గుమ్మం కడిగేసి, మా ఇల్లు మురికిదని దేశమంతా చూడాలిట్రా, నీ మొహం మండ, అని బ్రష్షు పట్టుకుని ఆయన వెంటపడింది.

అసలు గొడవ తలుపు దగ్గర వచ్చింది. మా వీధిలో సగం మందికి చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టని నీకు తెలుసు. పగలు వాళ్ళు పడుకుంటారు. పాలవాడు సీసాలు గుడ్డ మీద దించుతాడు. మధ్యాహ్నం దాటేదాకా పిల్లల బంతి గోడకి తగలకూడదు. తలుపంటే పిడి తిప్పి, భుజం ఆనించి, నెమ్మదిగా వేసేదే. మాటలు రాకముందే నాకది వచ్చు.

సినిమాలో నేను ఈ ఊరు పాడైపోనూ అని అరిచి, తలుపు ధడేల్‌మని వేసి వానలోకి నడవాలి. అరవడం బాగానే అరిచాను. తలుపు దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే పిడి తిప్పేసింది. జూలియన్ తల పట్టుకుని, అమ్మాయీ, నువ్వు ఇల్లు విడిచి పోతున్నావు, పసిపిల్లని నిద్రపుచ్చట్లేదు అన్నాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. కోపంగా ఎలా వేస్తారో చూపించమని నోరా ఆంటీని పిలిచాడు. ఆవిడ మొగుణ్ణి తలుచుకుని పళ్ళు కొరుకుతూ వచ్చి, కిర్రుమనకుండా వేసి వెళ్ళింది. వీధిలో వాళ్ళంతా వరసకట్టి ప్రయత్నించారు. ఒక్కరి వల్లా కాలేదు.

చివరికి నా తండ్రి వేషం కట్టిన లండన్ నటుడు విసుగెత్తి తనే వేశాడు. అంతే, మేడ కిటికీలన్నీ తెరుచుకుని తలలు బయటికొచ్చాయి. ఎవడ్రా అది, మీ కొంపల్లో ఎవరూ పనికి పోరా అని ఒకటే తిట్లు. నాన్న బనియనుతో మెట్లు దిగి వచ్చాడు. నేను కాదు నాన్నా అన్నాను. తెలుసులే, నువ్వు వెయ్యవు అని వెళ్ళి పడుకున్నాడు. ఆ వారమంతా నాతో ఆయన మాట్లాడింది అదొక్కటే. నాకు ఏడుపొచ్చింది. జూలియన్ మాత్రం చప్పుడు లండన్‌లో కలుపుకుంటానని సర్దుకున్నాడు.

సినిమాలో ఆ పిల్ల వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. నాకు అది చేతకాదు అత్తా. నాన్న నోటి నుంచి ఏదో ఒకటి వినకుండా గడప దాటను. పిరికిదాన్ననుకున్నా సరే.

మీ కుక్కకి నా ముద్దులు, మామయ్యకి మర్యాదలు.

నీ మేనకోడలు,
లీయాన్

తా.క.: సోమవారం. డాంకాస్టర్‌లో మారి, లండన్ రైల్లో కూర్చుని రాస్తున్నాను. పెట్టె ఎప్పుడో సర్ది మంచం కింద దాచుకున్న సంగతి నిన్న నీకు రాయలేదు. పొద్దున లేచేసరికి అది గుమ్మం దగ్గరుంది, పైన శాండ్‌విచ్‌ల పొట్లం. నాన్న షిఫ్టు నుంచి వచ్చి, చప్పుడు కాకుండా అది తీసిపెట్టి, వెళ్ళి పడుకున్నాడు. వెళ్ళమనడమో, అలకో అర్థం కాలేదు. రైలుకి టైమవుతోందని తలుపు ఎప్పటిలాగే నెమ్మదిగా వేసి, వీధి చివరిదాకా వెళ్ళి ఆగిపోయాను. ఇంటికి పోదామని వెనక్కి తిరిగాను. అప్పుడు ధడేల్‌మంది. మా తలుపే. గుమ్మంలో బనియనుతో నాన్న. కిటికీలన్నీ తెరుచుకున్నాయి, తిట్లు మొదలయ్యాయి. నాన్న వేలెత్తి వాళ్ళకి నన్ను చూపించాడు. తిట్లు ఆగి చేతులు ఊగాయి, నోరా ఆంటీ బ్రష్షు ఊపింది. ఇంకా ఎవరైనా లేవలేదేమోనని నాన్న తలుపు తెరిచి మళ్ళీ వేశాడు.